అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకొని లేపాక్షికి

ఊఁ, రాసుకో. చదివేవాళ్ళు తికమక పడకుండా మొదట్లోనే ఒగ మాట చెప్తా. ఈ యాత్ర చేసింది ఇద్దరం. ఒగరు నేను, సుబ్బమ్మని. విడపనకల్లు పక్కన పల్లె మాది. ఇంకొగరు నా కొడుకు కూతురు శిరీష. ఇప్పుడు నేను చెప్తాంటే రాసేది కూడా ఆ పిల్లే. "నా గురించి నేనే ఎట్ల రాసుకోవాల జేజీ" అని మూతి ముడుస్తాండాది. ఏం కాదు, రాయి. నేను శిరీష అన్నప్పుడల్లా ఎవరో వేరే పిల్ల అనుకో. తిట్టినప్పుడు మాత్రం నువ్వే అనుకో.

శిరీష ఫోటోలు తీస్తాది. పెళ్ళి ఫోటోలు కాదు. మా పక్క ఎర్రమన్ను శెనిక్కాయ చేన్లలో చెట్టు అనేది కంటికి కనపడదు, యాడ చూసినా గాలిమరలే. ఫ్యాన్లు అంటాం మేము. కలుపుకి పోయిన ఆడోళ్ళు మధ్యాన్నం సద్ది తినేకి ఆ ఫ్యాన్ కంబం నీడే గతి. ఆ నీడ సన్నగా, పొడుగ్గా పడతాది, రెండు మంచాలు వేసినంత వెడల్పు. దాంట్లోనే బస్సులో సీట్ల మాదిరి ఇద్దరిద్దరు, ఒగరెనక ఒగరు కూర్చుంటారు. నీడ జరిగితే బస్సంతా ఒక్కసారే సద్దిగిన్నెలు ఎత్తుకొని జరుగుతాది. అవీ మా శిరీష తీసే ఫోటోలు. కలుపు దినాలన్నీ ఎండలో ఆ నీడల చుట్టూనే తిరిగింది. నల్లగా అయిపోయింది. రాయి రాయి, అబద్ధమా?

లేపాక్షిలో ఫోటోలు చూసే మీటింగు పెట్టినారు. పెద్ద పెద్దోళ్ళు బల్లలు వేసుకొని కూర్చుంటారు. మనం ఫోటోలు ఎత్తుకొని పోయి ముందర పరిస్తే, ఇది బాగుండాది, ఇది బాగలేదు అని చెప్తారు. నచ్చితే ఎగ్జిబిషన్‌లో పెడతారు. దానికి పోర్ట్‌ఫోలియో రివ్యూ అని పేరంట. నా నోరు తిరగదు, నేను ఫోటోల చూపులు అంటా.

మా కొడుకు ఓబులేసు గొర్రెల బేరం చేస్తాడు. మాట కూడా బేరం మాదిరే ఉంటాది. "గుంతకల్లులో ఫైనాన్స్ ఆఫీసులో నీకు పని చూసినా. సోమవారం చేరాల. ఈలోపల ఆ మీటింగులో ఎవరన్నా ఒగరు నీ ఫోటోలు కావాలంటే, ఇంకొగ సంవత్సరం నీ ఇష్టం. ఎవరూ అడక్కపోతే కెమెరా బీరువాలో పెట్టాల" అన్నాడు కూతురితో. పిల్ల "సరే నాయనా" అనేసింది. తోడు పోయేకి నేను. మోసేకి కరకరలాడే నిప్పట్ల డబ్బా.

ఉరవకొండలో ఉగ్గాని

శుక్రవారం పొద్దున ఉరవకొండ బస్టాండులో దిగినాం. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినకుండా ఆ ఊరు దాటితే పాపం. ప్లేటు ముప్పై రూపాయలు చేసినాడు. "ఏమప్పా, బొరుగులు నానబెట్టి తిరగమాత వేసేదానికి ముప్పయ్యా?" అంటి. "అవ్వా, నువ్వు ఇంట్లో చేసుకో, నేనొచ్చి పది రూపాయలిచ్చి తింటా" అన్నాడు. నోరు చూడు వానిది. బజ్జీ మాత్రం బాగుండె, ఇంకొగటి పెట్టించుకుంటి.

అనంతపురం బస్సులో ఆడోళ్ళకి టికెట్టు సున్నా. ఆధార్ కార్డు చూపించాల. కండక్టరు నా కార్డు చూసె, నన్ను చూసె, మళ్ళీ కార్డు చూసె.

"అవ్వా, ఇది నువ్వేనా?"

"నేనే నాయనా. అది తీసేటప్పుడు ముఖం మీద లైటు వేసి, కదలొద్దు అని కసిరినారు. దొంగని పట్టినప్పుడు తీసినట్ల వచ్చింది."

"మా మనవరాలు తీస్తే బాగా వస్తాది" అని చెప్పబోతి. శిరీష నా మోచెయ్యి గిల్లింది.

అనంతపురంలో బస్సు మారినాం. పక్క సీటులో కనకాంబరాలు అమ్మే ఆయమ్మ కూర్చున్యాది. శిరీష ఒళ్ళో అట్టపెట్టె చూసి, "పెళ్ళి ఆల్బమా పాపా? చూపించు, చూపించు" అని ఒగటే పట్టు. సరే, ఇదీ ఒగ అభ్యాసమే కదా అని మా పిల్ల పెట్టె తెరిచె. ఒగటి చూసింది, రెండు చూసింది, మూడు చూసింది. తిప్పుతానే ఉండాది. చివరిదాకా తిప్పి, "అంతా బాగుండాది కానీ, పెళ్ళికొడుకు యాడ?" అనింది.

"పెళ్ళి కాదక్కా, నీడ ఫోటోలు ఇవి" అనింది శిరీష.

ఆయమ్మ నా పక్క తిరిగి, గొంతు తగ్గించి, "దేవుడు మంచి చూపు చూస్తాడులే అవ్వా" అని నా చెయ్యి నొక్కింది. ఏమనుకున్యాదో ఏమో. దిగేటప్పుడు ఇంత మాల శిరీష జడలో పెట్టి, దుడ్లు ఇస్తే తీసుకోలే.

కొత్తచెరువులో నాగమ్మ కొలువు

ఆ పొద్దుకి కొత్తచెరువులో మా చెల్లెలు నాగమ్మ ఇంట్లో దిగినాం. మా పక్క జొన్నరొట్టె, వీళ్ళ పక్క రాగి సంకటి. ఊరు మారితే ముద్ద మారతాది. శెనిక్కాయల ఊరిమిండి, అదే పచ్చడి, పక్కన పెట్టి, వేడి సంకటి మధ్యలో గుంట చేసి నెయ్యి పోసింది. నేను నమలబోతే నవ్వింది. "సంకటి నమిలేది కాదక్కా, మింగేది. ఎన్నిసార్లు చెప్పాల నీకు?" పెళ్ళయి ఈ ఊరికి వచ్చినప్పట్నుంచీ ఇదే మాట.

తిన్నాక శిరీష మంచం మీద ఫోటోలన్నీ పరిచింది. మంచం చాలక దిండు మీదా పెట్టింది. నాగమ్మ, వాళ్ళాయనవి కళ్ళద్దాలు తెచ్చి తన ముక్కు మీద పెట్టుకొని, కాలు మీద కాలు వేసుకొని, "ఊఁ, రేపు ఆడికి పోయి ఏం చెప్తావో ఈడ చెప్పు. నేనే ఆ పెద్ద సారు అనుకో" అనింది.

శిరీష మొదలుపెట్టె. ఈ ఫోటో ఆ పొద్దు ఎట్ల తీసింది, అప్పుడు మేఘం యాడుండె, లెన్సు ఏది, నీడ ఎంత పొడుగు, ముందు ఏం అనుకున్యాది, తరువాత ఏం అనుకున్యాది. రెండో ఫోటోకి ఇంకా పెద్ద కత. మూడో దానికి పోయేసరికి కళ్ళద్దాలు జారి నాగమ్మ ఒళ్ళో పడినాయి. గురక.

"చిన్నజేజీ!" అని అరిచింది శిరీష.

నాగమ్మ ఉలిక్కిపడి, "వింటాండా, వింటాండా. మేఘం వచ్చింది కదా" అనింది.

"ఫోటోలో కనపడేది మళ్ళీ నోటితో ఎందుకు చెప్తావే?" అంటి నేను. "వాళ్ళకీ కండ్లుంటాయి. వాళ్ళు అడిగితే చెప్పు. నువ్వు మాట్లాడతానే ఉంటే వాళ్ళు ఎప్పుడు మాట్లాడాల?" ఈ మాట గుర్తు పెట్టుకోండి. తెల్లారి నేను ఏం చేసినానో చెప్తే నవ్వుతారు.

లేపాక్షి, పొద్దున

శనివారం హిందూపురం మీదుగా లేపాక్షి చేరినాం. ఆ పెద్ద బసవన్న ముందర టోపీలు పెట్టుకొని జనం వరస కట్టి ఫోటోలు తీసుకుంటాండారు. "నువ్వూ తీయవే" అంటే, "అందరూ తీస్తాండారు కదా జేజీ, ఇంక నేనెందుకు" అనింది. గుళ్ళో గాల్లో నిలబడే కంబం కింద నుంచి నేను నా కొంగు ఇట్ల పెట్టి అట్ల లాగినా. మొక్కు ఏమీ లేదు, అందరూ లాగుతాంటే ఊరకుండలేక.

మీటింగు ఒగ కల్యాణ మండపంలో. లోపల పిల్లోళ్ళంతా అట్టపెట్టెలు పట్టుకొని, ఆస్పత్రిలో చీటీ రాయించుకున్నోళ్ళ మాదిరి గోడవారన కూర్చున్యారు. నలుగురు పెద్దోళ్ళకి నాలుగు బల్లలు. ఒగ సారుకి ప్లాస్టిక్ కుర్చీ విరిగిందంట, పెళ్ళికొడుకు కూర్చునే ఎర్ర మఖమల్ కుర్చీ వేసినారు. పెద్ద గడ్డం. ఆ కుర్చీలో ఆ గడ్డంతో మూడో పెళ్ళికి వచ్చినట్లుండాడు.

ఒగొగరి ఫోటోలూ ఇద్దరు పెద్దోళ్ళు చూస్తారు, ఇరవై నిమిషాలు చొప్పున. టైమయితే మండపంలో ఉండే పూజ గంటే టింగుమని కొడతారు. శిరీషకి మొదట గడ్డం సారు, మధ్యాన్నం బెంగళూరు మేడమ్. నన్ను వెనక కుర్చీలో కూర్చోబెట్టి, "జేజీ, నువ్వు ఊరికే చూస్తాండు" అనింది.

సారు మొదటి ఫోటో చేతికి తీసుకున్యాడు. "అద్భుతం!" అనె. "ఇంత చిన్న వయసులో ఈ చూపా! ఇట్లాంటిది చూసి ఎంత కాలమైందో!"

మా పక్క ఎట్లంటే, పిల్లోళ్ళని ముఖం మీదే ఎవరన్నా పొగిడితే పెద్దోళ్ళు ఊరకుండకూడదు. ఏదో ఒగ వంక పెట్టాల. "ఎంత ముద్దుగుండాడో" అంటే "యాడ ముద్దు, రాత్రంతా ఏడుస్తాడు" అనాల. అప్పుడు దిష్టి పట్టదు. నా నోరు దానికదే తెరుచుకుండె.

"యాడ సార్," అంటి. "పొద్దెక్కిందాకా పడుకొనే ఉంటాది. అందుకే అన్నీ మధ్యాన్నం ఫోటోలు."

సారు నవ్వి రెండోది తీసె. "ఇదైతే మాస్టర్‌పీస్!"

ఇంకా పెద్ద పొగడ్త! ఇంకా పెద్ద వంక కావాల. "అది ఆ పిల్ల తీసింది కాదు సార్. కెమెరా చెయ్యి జారి, కింద పడి, తనకు తానే టక్కుమనింది."

సారు నవ్వు ఆగిపోయె. "నిజమా? పొరపాటున వచ్చిందా ఇది?"

"కాదు సార్!" శిరీష లేచి నిలబడింది. "ఆ నీడ సరిగ్గా ఆ గిన్నెల మీద పడేదాకా ఎన్ని దినాలు కాసుకున్యానో నాకు తెలుసు. మా జేజి ఊరికే..."

"ఊరికే కాదు, నిజమే సార్" అంటి నేను. అప్పుడే ఆపితే దిష్టి సగంలో నిలిచిపోతాది కదా.

ఇంక ఆ ఇరవై నిమిషాలూ కెమెరా కింద పడిందా లేదా అనే పంచాయితీతోనే సరిపోయింది. టింగుమనింది గంట.

ఓళిగ తింటా రాజీ

మధ్యాన్నం భోజనంలో ఓళిగలు, అదే బొబ్బట్లు, పెట్టినారు. మేము ఓళిగ మీద నెయ్యి వేసుకుంటాం, ఈ పక్కోళ్ళు గిన్నెలో వేసి పాలు పోసి పిసుక్కుంటారు. నాకు చూస్తేనే ఎట్లనో అయింది. తిన్నాక ఇంకొగటి అడిగినా.

శిరీష తినలే. ఆకు ముందర కూర్చొని, "జేజీ, నువ్వు నా పక్కనా, వాళ్ళ పక్కనా?" అనింది.

"దిష్టి తగల్తాదని..."

"సోమవారం గుంతకల్లులో కూర్చుంటా కదా, ఇంక దిష్టి తగల్దులే."

ఆ మాటకి ఓళిగ ఆకులోనే వదిలేస్తి. లేచి, నిప్పట్ల డబ్బా ఎత్తుకొని నేరుగా గడ్డం సారు దగ్గరికి పోతి. "సార్, పొద్దున నేను చెప్పిందంతా అబద్ధం. కెమెరా పడలే. మీరు శానా పొగిడినారు, దిష్టి తగల్తాదని వంకలు పెట్టినా. ఆ పిల్ల ఫోటోలు మీ ఎగ్జిబిషన్‌లో పెట్టుకోండి."

సారు నిప్పట్టు కొరుకుతా నవ్వినాడు. "నా దగ్గర ఎగ్జిబిషన్ ఏం లేదమ్మా. నేను కాలేజీలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. పిల్లలు ఎక్కడెక్కడి నుంచో ఆశపడి వస్తారు, ఏడిపించి పంపలేను. అందరికీ నాలుగు మంచి మాటలే చెప్తాను."

"అందరికీ మాస్టర్‌పీసేనా?"

"దాదాపు" అన్నాడు. ఇంకొగ నిప్పట్టు తీసుకొని, "ఇది మాత్రం నిజంగా మాస్టర్‌పీస్" అనె.

తిరిగొచ్చి చెప్తే శిరీష మొదట నమ్మలే. అంతలోనే పక్క బల్ల మీద ఎవరో పిల్లోడు తన పెట్టె తెరిచినాడు, సారు అటుపోతా చూసి "అద్భుతం!" అని అరిచినాడు. మా ఇద్దరికీ నవ్వు ఆగలే. ఏడ్చిన ముఖంతోనే ఓళిగ తినింది పిల్ల.

"ఇంక మేడమ్ ఒగరే" అనింది. "ఆమె దగ్గర నిజంగా ఎగ్జిబిషన్ ఉండాది. నువ్వు బయట కూర్చో జేజీ."

"నోరు తెరవను."

"తెరుస్తావు."

చివరికి రాజీ ఏమంటే, నేను నోటినిండా ఆకూ వక్కా వేసుకొని కూర్చోవాల. గంట కొట్టేదాకా ఉమ్మకూడదు.

మేడమ్ బల్ల

మేడమ్‌ది కత్తిరించిన జుట్టు, నూలు చీర. నవ్వు లేదు. పెట్టె తెరవకముందే, "ఈ ఇరవై నిమిషాల్లో నా దగ్గర నీకేం కావాలి?" అనింది.

శిరీష నేరుగా చెప్పేసింది. మేఘం కత లేదు, లెన్సు కత లేదు. "వీటిలో ఏవి ఉంచాల, ఏవి తీసేయాల, ఎందుకు. అది చెప్పండి మేడమ్."

"సరే. నువ్వు మాట్లాడొద్దు, నన్ను చూడనీ."

అన్నీ పరిచింది. నిలబడి చూసింది. ఇంక మొదలు. "ఇది పోస్ట్‌కార్డు" అని పక్కకి తోసింది. "ఇదీ అదీ ఒకటే, రెండెందుకు?" ఇంకొగటి పక్కకి. "ఇది నీకు నచ్చిందా, నీ స్నేహితులకి నచ్చిందా?" అదీ పక్కకి. "ఇక్కడ నీడ బాగుంది, మనుషులు లేరు." "ఇక్కడ మనుషులున్నారు, చీమల్లాగా ఉన్నారు." నా నోట్లో ఆకు ఊరుతాండాది, మాట ఊరుతాండాది, రెండూ మింగుతాండా.

సద్దిగిన్నె పట్టుకొని వెనక్కి తిరిగి చూసే ఒగ ఆడమనిషి ఫోటో మీద వేలు పెట్టింది. "ఈమె ఎవరు?"

"కూలికి వచ్చినారు మేడమ్."

"పేరు?"

శిరీష తల వంచింది. "తెలీదు."

నాకు తెలుసు! పక్కూరు నుంచి కలుపుకి వచ్చే హనుమక్క! "ఊఁ! ఊఁ!" అంటి. మేడమ్ నా పక్క తిరిగి, "అయ్యో, అమ్మకి పొలమారింది, నీళ్ళివ్వండి" అనింది. ఎవరో గ్లాసు తెచ్చినారు. నీళ్ళు తాగితే ఆకు పోతాది, ఆకు పోతే మాట వస్తాది. గ్లాసు పట్టుకొని తల అడ్డంగా ఊపుతా కూర్చున్యా.

బల్ల మీద ఐదు మిగిలినాయి. "ఇవి ఉంచు" అనింది మేడమ్. "నీడ ఎట్లా ఉంటుందో చూపించావు. ఆ నీడలో కూర్చుంటే ఎట్లా ఉంటుందో చూపించలేదు. అన్నీ ఎండలో నిలబడి తీశావు."

శిరీష ఆ ఐదింటినీ చూసి, అడగాల్సింది అడిగేసింది. "ఈసారి ఎగ్జిబిషన్‌లో పెట్టుకుంటారా మేడమ్?"

"లేదు."

టింగుమని గంట కొట్టేకి ఇంకా టైముండాది. ఇంకొగ పిల్లయితే పెట్టె సర్దుకొని లేచేది. మా పిల్ల లేవలే. "దగ్గరికి పోతే వాళ్ళు తినేది ఆపి పోజు పెడతారు మేడమ్. ఏం చేయాల?" అనింది.

"అప్పుడు నువ్వూ తిను" అనింది మేడమ్. "ఎప్పుడు పీకుతారు మీ వేరుశనగ?"

"దీపావళి ముందర."

"అది అయినాక బెంగళూరు రా. ఇవే తెచ్చేటట్లయితే రావొద్దు."

గంట కొట్టినారు. నేను బయటికి పరిగెత్తి ఉమ్మి, "హనుమక్క!" అని అరిచినా. వాకిట్లో ఉండేవాళ్ళంతా తిరిగి చూసినారు.

తిరుగు దావ

ఆదివారం బస్సులో ఒగటే లెక్క. ఇంట్లో ఓబులేసుకి ఏం చెప్పాల? ఎవరన్నా కావాలన్యారా అంటే, ఎవరూ అన్లే.

"గడ్డం సారు అద్భుతం అన్యాడు కదా, అదే చెప్దాం" అంటి. "అబద్ధం కాదు కదా."

"అది చెప్తే నాయన నమ్ముతాడు జేజీ. అదే నా భయం." కిటికీలో బయటికి చూస్తా, "మేడమ్ చెప్పిందే చెప్తా" అనింది. ఉరవకొండ దాటినాక ఫ్యాన్లు కనపడినాయి.

ఓబులేసు దొడ్లో పొట్టేలు నోరు తెరిచి పండ్లు చూస్తాండాడు. తల ఎత్తకుండానే, "ఎవరన్నా కావాలన్యారా?" అనె.

"అన్లేదు నాయనా." శిరీష అంతా చెప్పింది. గడ్డం సారు అందరికీ అద్భుతం అనేది, మేడమ్ పెట్టిన వంకలు. పోస్ట్‌కార్డు, చీమలు, పేరు తెలీనిది, ఎండలో నిలబడింది, ఇవే తెస్తే రావొద్దన్నది. ఒగటి కూడా దాచలే. నేను నోట్లో ఆకు లేకపోయినా ఊరకుంటి.

ఓబులేసు పొట్టేలిని వదిలేసినాడు. "ఆ గడ్డమాయన ఏం వంక పెట్టినాడు?"

"ఏం పెట్టలే."

"ఆయప్ప కొనేటోడు కాదు. ఈ యమ్మ ఎంతసేపు పెట్టింది వంకలు?"

"గంట కొట్టేదాకా."

"సంతలో ఊరికే చూసేటోడు 'బాగుండాదప్పా' అని పోతాడు. పండ్లు చూసి, కాలెత్తి చూసి, వీపు నొక్కి, ఇన్ని వంకలు పెట్టినోడు మళ్ళీ వస్తాడు." చేతులు దులుపుకొని, "అయినా కావాలి అన్లేదు కదా. సంవత్సరం ఇయ్యను. శెనిక్కాయలు పీకేదాకా ఇస్తా. అంతే."

"పీకి, బెంగళూరు పోయి వచ్చేదాకా" అనింది శిరీష.

ఓబులేసు ఆ పిల్లని ఎగాదిగా చూసినాడు, సంతలో ఎదుటి బేరగాణ్ణి చూసినట్ల. "సరే పో. గుంతకల్లుకి నేను ఫోన్ చేసి చెప్తా."

సోమవారం

సోమవారం పొద్దున పిల్ల సద్ది కట్టుకొని, కెమెరా మెడలో వేసుకొని చేనికి పోయింది. పొద్దు మునిగినాక వచ్చింది. చీరెకి అంచు వేసినట్ల కాళ్ళకి ఎర్రమన్ను, జుట్టులో గడ్డి.

"ఎన్ని తీసినావే?" అంటి.

"ఒగటి కూడా తీయలే జేజీ" అనింది, కాళ్ళు కడుక్కుంటా. "తినేకి కూర్చున్యా కదా. హనుమక్క నా సద్దిలో సగం తినేసి, తన సద్దిలో సగం నాకు పెట్టింది. నీడ జరిగినప్పుడల్లా జరుగు జరుగు అనింది. జరిగినా."